నిమ్మకాయల శిక్ష

"ఎవరే మీకీ తెలివితేటలు నేర్పింది?"

వైస్ ప్రిన్సిపాల్ స్కేలుతో బల్ల మీద కొట్టిన దెబ్బకి పెన్నుల డబ్బా తలకిందులైంది. పెన్నులు దొర్లుకుంటూ వెళ్ళి, ఎదురుగా వరసలో నిలబడ్డ ఐదుగురు ఎనిమిదో తరగతి ఆడపిల్లల కాళ్ళ దగ్గర ఆగాయి. ఒక్కరూ వంగి తీయలేదు. గదంతా నిమ్మకాయ వాసన.

నలుగురి జుట్టూ పాపిడికి అటూ ఇటూ రాగిరంగు తిరిగింది. ఐదో పిల్ల ఈ మధ్యే బళ్ళో చేరింది. ఆమె జుట్టు మాత్రం కుదుళ్ళ నుంచి జడ కొసదాకా ఒకటే రంగు. పలచటి టీ రంగు.

"మొన్న ఎండలో నిలబెట్టాను. నిన్న కూడా మూడు పీరియడ్లు నిలబెట్టాను. అయినా సిగ్గులేకుండా మళ్ళీ రాసుకొచ్చారు. నిన్నటికంటే ఇంకా ముదిరింది! ఏం రాశారే?"

"నిమ్మరసం మేడమ్. సగానికి సగం నీళ్ళు కలిపి," అంది కళ్ళజోడు పిల్ల.

"తేనె కూడా రాశాం మేడమ్. చీమలు పట్టాయని మానేశాం," అంది ఆ పక్కనున్న పొట్టిపిల్ల.

"నోర్ముయ్! నేనేమన్నా వంట నేర్చుకోడానికి వచ్చాననుకున్నావా?"

ఆవిడ కొత్తపిల్ల వైపు తిరిగింది. బల్ల మీద టీసీ కాగితం సిద్ధంగా ఉంది. పేరూ తరగతీ రాసేశారు. ఇక సంతకమే తరవాయి.

"ఇదంతా నీ నిర్వాకమే. బడి మొత్తంలో నీ ఒక్కదానికే ఇలాంటి జుట్టు ఉంది, నల్లరంగు వేసుకుని రాకపోతే పంపించేస్తానని క్లాసులో అందరి ముందూ చెప్పాను. పది రోజులు గడువిచ్చాను. నువ్వు మారకపోగా ఇంకో నలుగుర్ని తయారు చేశావు!"

"నాది పుట్టినప్పట్నుంచీ ఇంతే మేడమ్." కొత్తపిల్ల ఓ అడుగు ముందుకేసింది. "వీళ్ళకి నేనేం చెప్పలేదు. ఒట్టు. నన్ను పంపించెయ్యకండి మేడమ్, ఇప్పటికే ఇది మూడో బడి."

"దొరికిపోయిన ప్రతివాళ్ళూ చెప్పే మాటే ఇది. రేపు వీళ్ళూ పుట్టుకతో వచ్చిందంటారు." ఆవిడ స్కేలు చివర నలుగురి వైపూ తిప్పింది. "ఆఖరిసారి అడుగుతున్నాను. ఎవరు నేర్పారో చెప్తే క్లాసుకి పోవచ్చు. చెప్పకపోతే లాంగ్ బెల్ దాకా ఎండలో నిలబడాలి. బెల్ కొట్టగానే దీని టీసీ మీద సంతకం పెడతాను."

నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"ఎండలోనే నిలబడతాం మేడమ్," అంది కళ్ళజోడు పిల్ల.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "పదండి, చూస్తా మీ పౌరుషం ఎంతసేపో!"

ఆటస్థలంలో సిమెంటు నేల కాలిపోతోంది. కాపలాకని పంపిన డ్రిల్లు మాస్టారు పావుగంట కూడా ఉగ్గబట్టలేకపోయాడు. కూజాలో చల్లటి నీళ్ళు పట్టుకొచ్చి, అందరి దోసిళ్ళలోనూ పోశాడు. పొట్టిపిల్ల నెత్తిమీద కూడా కాసిని చల్లబోతే, ఆ పిల్ల రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది.

"తల తడపకండి సార్!"

"పోనీ ఆ గోడ నీడలోకి రండర్రా. మేడమ్ అడిగితే నేను చెప్పుకుంటాను."

"వద్దు సార్, మాకిక్కడే బాగుంది," అంటూ కళ్ళజోడు పిల్ల జడ విప్పి, జుట్టు భుజాల మీద పరుచుకుంది. మిగతా ముగ్గురూ అలాగే చేశారు. ఏం మనుషులు వీళ్ళు అన్నట్టు మాస్టారు ఖాళీ కూజా చంకన పెట్టుకుని నిలబడిపోయాడు.

కిటికీలోంచి చూస్తున్న వైస్ ప్రిన్సిపాల్ పళ్ళు నూరింది. శిక్షకి ఏడ్చేవాళ్ళని చూసింది, బతిమాలేవాళ్ళని చూసింది. ఇలా జుట్టు విరబోసుకుని దర్జాగా నిలబడ్డవాళ్ళని ఇన్నేళ్ళ సర్వీసులో చూడలేదు. వరండా బెంచీ మీద కొత్తపిల్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాంట్లో మొహం దాచుకుని ఉంది.

లాంగ్ బెల్ మోగింది. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో టీసీ కాగితం పట్టుకుని ఆవిడ విసురుగా వచ్చి పిల్లల ముందు నిలబడింది.

"చూసుకోండి, మీ ఎదురుగానే సంతకం పెడుతున్నాను. మీ మొండితనం వల్ల దీని చదువు పోతోంది. ఇప్పటికైనా చెప్పండి, మీకిది నేర్పిందెవరు?"

"ఎవరూ నేర్పలేదు మేడమ్," అంది కళ్ళజోడు పిల్ల. ఎండకి మొహం కందిపోయింది కానీ మాట తడబడలేదు. "బడి మొత్తంలో దాని ఒక్కదానికే ఇలాంటి జుట్టు ఉందని, అందుకే పంపించేస్తానని మీరే అన్నారు కదా. ఇప్పుడు ఐదుగురికి ఉంది."

వరండాలో కొత్తపిల్ల సంచీలోంచి తలెత్తింది. ఆ సంగతి ఆ పిల్లకీ ఇప్పుడే తెలిసినట్టుంది, నోరు తెరుచుకుని చూస్తోంది.

టీసీ కాగితం ఒక మడత పడింది. రెండు మడతలైంది. నాలుగు మడతలై ఆవిడ పిడికిట్లో కనపడకుండా పోయింది. కోపం ఎటుపోవాలో తెలియక డ్రిల్లు మాస్టారి మీదికి మళ్ళింది.

"మీరేం చూస్తున్నారండీ అలా గుడ్లప్పగించి? పసిపిల్లలు ఎండకి మాడిపోతుంటే!"

అరుస్తూనే ఆవిడ తనకి తెలియకుండా గొడుగు ముందుకి వంచింది. నీడ పొట్టిపిల్ల నెత్తిమీద పడింది.

ఆ పిల్ల కాసేపు అటూ ఇటూ కదిలి, ఇక ఉండబట్టలేక అంది: "గొడుగు కాస్త పక్కకి జరపరా మేడమ్? నాకింకా దాని జుట్టు రంగు రాలేదు."