ఆరో సీసా

ముత్తవ్వ నూకాలు సర్కస్‌లో తుపాకీ పేల్చిన అరనిమిషం మూకీ ఫిల్మును కూతురికి చూపించమని అప్పలకొండ గోడని అడిగింది. ఇంట్లో జరిగేదంతా వీడియో తీసేదీ, పాతవి చూపించేదీ ఆ గోడే.

ఫిల్ములో ఐదు సీసాలు పగిలాయి. ఎప్పటిలా ఆరో సీసాకి గురి తప్పి ముత్తవ్వ నాలుక కరుచుకోవాలి. తప్పు చేస్తే ఆ ఇంటి ఆడవాళ్ళంతా అచ్చం అలాగే కరుచుకుంటారు.

ఆరో సీసా కూడా పగిలింది. ముత్తవ్వ దర్జాగా నవ్వింది.

“ఇది కాదు, పాతది సూపించు,” అంది అప్పలకొండ.

“పాత ఫిల్ములన్నీ బాగుచేశామండీ. తప్పులున్నవి ఇప్పుడెక్కడా లేవు,” అంది గోడ.

“ముందే ఒకటి దాసుకోనేదేటమ్మా?” అంది కూతురు.

అప్పలకొండ నీళ్ళు నిండిన కళ్ళతో నాలుక కరుచుకుంది.

“ఇవాళ్టి వీడియోలో అది కూడా సరిచేశానండీ,” అంది గోడ.