బేసినులో కలిపిన ముద్ద

పెనుగొండలో ఆవకాయ పెట్టి అమ్ముకునే మంగతాయారుకి విదేశం నుంచి వచ్చిన మొదటి బేరం అది. జాడీలు ఓడెక్కడం ఎప్పుడో మానేశాయి; ఇప్పుడు చేతులే ఎగుమతి అవుతున్నాయి. ఆమె తొడుగులు వేసుకుని ఇక్కడ కలిపితే, నార్వేలో ఒక పల్లెలో మరచేతులు అచ్చం అలాగే కలుపుతాయి. గోడమీది తెరలో అక్కడి జనం కనిపిస్తున్నారు. చెప్పిన పనికి ఒక్క కదలిక ఎక్కువైనా బేరం రద్దని ముందే చెప్పారు.

ఆవకాయ జాడీకెత్తాక, అలవాటు చొప్పున ఆమె ఖాళీ బేసినులో వేడన్నం వేసి కలిపేసింది. కోడలు సుభాషిణి చేతిలో ముద్ద పెట్టబోయింది.

"అత్తయ్యగారూ, తొడుగులు తియ్యలేదండీ!"

"అయ్యయ్యో, కొంప మునిగిందే!"

భయంభయంగా తెర వైపు చూసింది. అక్కడ అన్నం గిన్నె ఉండాల్సిన చోట, రుచి చూడటానికి పెట్టుకున్న ఉడికించిన బంగాళాదుంపల్ని మరచేతులు బేసినులో వేసి చిదిమి, ఎర్రటి ముద్ద చేసి, ముందుకు చాపి ఉన్నాయి.

అప్పుడొక ముసలాయన లేచి, ఎవరూ చెప్పకుండానే అరచెయ్యి పట్టాడు. ముద్ద పెట్టగానే తొడుగుల్లోంచి మంగతాయారు వేళ్లకి ఆ అరచేతి వెచ్చదనం తగిలింది. ఆయన వెనక ఇంకో చెయ్యి, దాని వెనక మరోటి, గుమ్మం దాటి మంచులోకి వరసగా చేతులు.

ఆమె తొడుగులు తియ్యకుండానే కోడలి వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఇంకో రెండు సోలల బియ్యం ఎసట్లో పొయ్యవే. ఇంతమందికి చాలదు."