మూత తీసిన రేడియేటర్

రాప్తాడు అవతల కొత్తగా కట్టిన చీనీకాయల కోల్డ్ స్టోరేజీలో మెకానిక్ జయరాజు ఒక్కడే పని చేస్తున్నాడు. వేడెక్కితే జనరేటర్‌ను ఆపేసే స్విచ్చి బిగించి, చివరగా ఇంజన్ రేడియేటర్ నిండా కూలెంట్ పోశాడు. లోపల చిక్కుకున్న గాలి పోవాలని, ఎప్పట్లాగే మూత తీసి ఉంచి కూర్చున్నాడు. బయట ఎండిన బీళ్ల మీద చీకటి పరుచుకుంది.

గంటయినా బుడగలు ఆగలేదు. ఒకటి తర్వాత ఒకటి, తొందర లేకుండా వస్తూనే ఉన్నాయి. అలవాటుగా రేడియేటర్ మూతి మీద అరచెయ్యి పెట్టి చూశాడు. వెచ్చటి గాలి తగిలింది.

"ఎర్రన్నా! ఈ ఇంజన్ ఎవురన్నా తిప్పినారా?" అని గేటు దగ్గరున్న వాచ్‌మన్‌ను కేకేశాడు.

"బ్యాటరీనే ఇంగా రాలేదు గదప్పా, యాడ తిప్పేది?"

జయరాజు ఊపిరి బిగబట్టాడు. బుడగలు ఆగిపోయాయి. వదిలాడు. బుడగ లేచింది. మళ్లీ బిగబట్టాడు. మళ్లీ ఆగాయి.

"ఏమప్పా, ఉలుకూ పలుకూ లేదే? ఏమయింది?" అన్నాడు ఎర్రన్న.

పలకాలంటే ఊపిరి వదలాలి. గుండెలు పగిలిపోతున్నా జయరాజు నోరు తెరవలేదు.

రేడియేటర్ లోపలి నుంచి, అచ్చం అతని గొంతుతో జవాబు వెళ్లింది.

"ఏం లేదులే ఎర్రన్నా. నువ్వు పోయి పండుకో."