ఏ సంచీ బరువు?

“కొత్త సినిమాల్లో సెలవులన్నాళ్లూ పెద్ద హాల్లో ఏది ఆడిద్దాం? పోలీసుదా, దయ్యానిదా? గంటలో చెప్పు. తప్పిందో, ఇంకో డిగ్రీవాణ్ణి వెతుక్కుంటా,” అని మేనేజరు వెళ్లిపోయారు.

లాప్‌టాప్‌లో నా లెక్కలన్నీ పోలీసు వైపే మొగ్గాయి.

ఉదయం ఆటలయ్యాక హాళ్లు ఊడ్చి వచ్చిన అమ్మ, రెండు చెత్త సంచులు నా ముందు దింపింది.

“పోలీసు సంచీ తేలిగ్గా ఉందిరా. డబ్బాల్లో ఒక్క పాప్‌కార్న్ గింజ మిగల్చలేదు.”

“అంటే నచ్చినట్టేగా?”

“తోచక తిన్నారు, పిచ్చినాయనా! దయ్యం సంచీ ఎత్తి చూడు. డబ్బాలు చేతిలో ఉన్నా తినడం మర్చిపోయారు.”

అమ్మ మాటే నమ్మాను. కానీ డిగ్రీ పరువు కోసం దయ్యానికో రంగుల గ్రాఫు గీసి మేనేజరు ముందు పెట్టాను.

“దయ్యమేనండీ. లెక్కలు చెబుతున్నాయి.”

ఆయన గ్రాఫు వైపు చూడనేలేదు.

“లెక్కలు సరేగానీ, ఈసారి మీ అమ్మకి ఏ సంచీ బరువనిపించింది?”