బీరువా ముందు కాపలా

ఎవరెవరి కుక్కలవో, పిల్లులవో ఆయిల్ పెయింటింగులు వేసే ఆమెకు సొంతింటి కుక్క బొమ్మే గండమైంది. అది ఆమె భర్త మొదటి భార్య పెంచిన కుక్క. ఆవిడ పోయాకే ఈమె ఆ ఇంటికి వచ్చింది.

"ముసలిదైపోయింది. ఉండగానే దాని బొమ్మ వెయ్యవూ?" అని భర్త అడిగాడు.

ఈమె దగ్గరికి వెళ్తే చాలు, కుక్క మొహం తిప్పుకుని పడగ్గదిలోకి పోయేది. అక్కడ పాత బీరువా ముందు పడుకుని, తలుపు సందులో ముక్కు పెట్టి తోక ఊపేది. అది ఒకప్పుడు ఆవిడ బీరువా. ఇప్పుడు అందులో ఈమె బట్టలే ఉన్నా, ఆ చెక్కకు ఆవిడ వాసన ఇంకా పోలేదనుకుని ఈమె కడుపు రగిలిపోయేది. పోయిన మనిషితో పోటీ ఏమిటని ఎంత సర్దిచెప్పుకున్నా మంట చల్లారలేదు.

చివరికి గుమ్మం బయటే ఈజిల్ నిలబెట్టి, బీరువా వంక చూస్తున్న ఆ కళ్లలోని ప్రేమను పళ్లు బిగబట్టి వేసింది.

బొమ్మ చూసి భర్త కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడవండి. అదీ మీరూ కలిసి అక్క కోసం ఏడవండి," అంది.

"అక్క కోసమా? పిచ్చిదానా! తను పోయిన దగ్గర్నుంచి ఇది ఆ గది గడపే తొక్కలేదు. నీ బట్టలు సర్దుకున్నాకే మళ్లీ లోపలికి వచ్చింది. నీ వాసన కోసమే అక్కడ పడుంటుంది."

"మరి నన్ను చూస్తే పారిపోతుందెందుకు?"

"నీ ఒళ్లంతా రంగుల్లో కలిపే ఆ టర్పెంటైన్ కంపాయె! దాని ముక్కు ఎలా తట్టుకుంటుంది?"

ఆమె బ్రష్ కింద పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్లి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకోసాగింది.