పక్కా కిలో

బేగంబజార్‌లో జీడిపప్పు టోకు వ్యాపారి విశ్వేశ్వర్ తన ఎలక్ట్రానిక్ కాంటాను డబ్బిచ్చి మరీ చెడగొట్టించుకున్నాడు. తొమ్మిదివందల యాభై గ్రాములు పడగానే అది కిలో అని చూపిస్తుంది. ఎవరైనా అనుమానపడితే మూడుసార్లు తూస్తాడు. మూడుసార్లూ అదే అంకె. మాట మార్చని కాంటా అబద్ధమాడదనుకుని గిరాకీలు తృప్తిగా వెళ్లిపోతారు. అబద్ధాన్ని కూడా మాట మార్చకుండా చెప్పొచ్చని పాపం వాళ్లకు తోచదు.

ఆ లెక్కన ఇరవై కిలోలు అమ్మితే ఒక కిలో మిగలాలి. నాలుగు నెలలుగా ఒక్క పలుకు కూడా మిగలడం లేదు.

అంటే దుకాణంలో దొంగ ఉన్నాడు. విశ్వేశ్వర్‌కు ఒళ్లు మండిపోయింది. తాను కష్టపడి కొట్టేసిన సరుకును ఇంకొకడు కొట్టేయడమా? పోలీసుల దగ్గరికి పోదామంటే, ఆ సరుకు ఎక్కడిదని అడుగుతారు.

ఆ రోజు పొద్దున్నే గోనెసంచుల చాటున కాపు కాశాడు. తూచిన కవర్లకు మూతి కట్టేది ఆగయ్య, ఇరవై ఏళ్ల పనివాడు. ఎదురుగా మూతి కట్టని కవరు ఉండగా, ఆగయ్య చెయ్యి బస్తాలోకి వెళ్లి పిడికెడు జీడిపప్పుతో బయటికొచ్చింది.

విశ్వేశ్వర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"గిదేంది ఆగయ్యా? నాలుగు నెలల సంది తీస్తున్నది నువ్వేనా?"

"నేనే సేటు. ఎందుకంటే..."

"నువ్వేం చెప్పకు. నడువ్."

ఆగయ్య పిడికిలి విప్పి పప్పు బస్తాలో వదిలేసి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. విశ్వేశ్వర్ ఛాయ్ తెప్పించుకుని హాయిగా తాగాడు. ఆ పూటంతా కవర్లకు తానే మూతి కట్టాడు.

సాయంత్రం తూనికల అధికారి హరిచందన ఏడు కవర్లతో వచ్చింది. విశ్వేశ్వర్ గబగబా కాంటాను తువ్వాలుతో తుడిచి ముందుకు జరిపాడు.

"మా కాంటా మస్తు పక్కా మేడం. ఎన్నిసార్లు పెట్టినా ఒకటే చూపిస్తది."

"ఒకటే చూపిస్తే సరా? సరైంది చూపించాలె గద. వారం సంది మావాళ్లు మీ దగ్గర రోజుకో కిలో కొంటున్నరు. మొదటి ఆరు కవర్లు పక్కా కిలో, గ్రామో రెండో తేడా. బజార్ల గిట్లాంటి దుకాణం లేదని రిపోర్టు గూడ రాసిపెట్టిన." ఆమె ఏడో కవరు ముందుకు జరిపింది. "ఇవాళ మీ చేత్తో మూతి కట్టిచ్చింది మాత్రం యాభై గ్రాములు తక్కువ. దుకాణం సీల్ చేస్తున్నం."

పొద్దున ఆగయ్య పిడికిట్లోని జీడిపప్పు ఏ కవర్లో పడాల్సిందో, అదెన్ని గ్రాములో, విశ్వేశ్వర్‌కు ఏ కాంటా లేకుండానే తెలిసిపోయింది.