చిత్రిక పట్టిన చేతులు

మూతపడిన తన వడ్రంగి షెడ్డులోంచి చిత్రిక చప్పుడు వినబడేసరికి విల్సన్ అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తాడు.

లోపల ఎవరో ముసలాయన. భుజాన మాసిన కంబళి. బల్ల మీద పనస చెక్క పెట్టుకుని చిత్రిక ఎడాపెడా తోసేస్తున్నాడు.

“ఎవులయ్యా నువ్వు? ఏటి సేత్తన్నావక్కడ?”

“సోంబరుని బాబూ. కొయ్యూరు అవతల మాది. సెక్క కనబడితే సెయ్యి ఊరుకోలేదు.”

“పట్టడం అలాగేనా? నారకెదురు తోత్తే పెచ్చు లేసిపోదూ? ఇలా తే!”

విల్సన్ చిత్రిక లాక్కుని ఒక్కసారి తోశాడు. పల్చటి పొర ఉంగరాలు తిరుగుతూ పాదాల మీద పడింది. పనస వాసన గుప్పుమంది. ఇంకోసారి తోశాడు. ఇంకోసారి. చెక్క నున్నబడ్డాక చూసుకుంటే, ఆశ్చర్యం, చేతుల్లో వణుకు లేదు!

బెయిలు మీద వచ్చినప్పటి నుంచీ ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి మరి.

“అమ్మా అయ్యా లేరన్నా” అంటూ వచ్చిన కామేష్‌ని చేరదీశాడు విల్సన్. ఉలి పట్టడం దగ్గర్నుంచి అన్నీ నేర్పాడు. ఒకే కంచంలో తిన్నారు. వాడేమో దొంగ టేకు దుంగలు తెచ్చి ఈ షెడ్డులోనే దాచాడు. ఫారెస్టు వాళ్లు పట్టుకుంటే “అన్నే తెప్పించాడు” అని వేలు చూపించి తప్పించుకున్నాడు.

అంతే. చేతిలో ఉన్న చర్చి తలుపుల పని పోయింది. ఊళ్లో పరువు పోయింది. కేసు మాత్రం మిగిలింది. ఇక కంటి మీద కునుకెక్కడిది?

ముసలాయన కదల్లేదు. షెడ్డు మూల కంబళి పరుచుకుని అక్కడే ఉండిపోయాడు. కూలి అడగడు. విల్సన్ భార్య మెర్లిన్ పోసిన అంబలి తాగి, రంపానికి చెక్క పట్టుకుంటాడు. ఇద్దరూ కలిసి మూలన పడున్న పాత చెక్కలన్నీ నున్నచేసేశారు. వాటితో ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు! ఆ చప్పుడులో పడితే విల్సన్‌కి కోర్టు గుర్తు రాదు, కామేష్ గుర్తు రాడు. రాత్రి పడుకుంటే నిద్ర పడుతోంది.

“మందుకన్నా నయం తాతా ఇది!”

“అవును బాబూ. నాకూ గుండెల్లో బరువు దిగతంది.”

“నీకేటి బరువు?”

ముసలాయన తలొంచుకుని చిత్రిక తోశాడు.

ఒకరోజు విల్సన్ మనసు విప్పేశాడు.

“తోడబుట్టినోడికన్నా ఎక్కువ సూసుకున్నాను తాతా ఆణ్ని. ఆడొక్క నిజం సెప్తే సాలు, బయటపడతాను. సెప్తాడా? ఎందుకు సెప్తాడు!”

“సెప్పాలి బాబూ. ఎవులో ఒకలు సెప్పాలి.”

ఆ శుక్రవారం అరకు సంతలో విల్సన్ కళ్లారా చూశాడు. జీపుల వెనకాల కామేష్. వాడి భుజం మీద చెయ్యేసి, చెవిలో ఏదో చెబుతున్న సోంబరు!

విల్సన్‌కి కడుపు మండిపోయింది. ఛీ, ఈయనా అంతేనా! ఒకడు మోసం చేస్తే వాడి బుద్ధి అనుకోవచ్చు. రెండోవాడూ చేస్తే ఇంకెవర్ని నమ్మాలి?

సాయంత్రం ముసలాయన షెడ్డుకి వచ్చీ రాగానే విరుచుకుపడ్డాడు.

“నా గుట్టంతా లాగి ఆడికి సేరేత్తన్నావా? నీకు కూడెట్టాను కదా తాతా!”

“బాబూ, నా మాట…”

“నోరుముయ్! బేగి కదులు. మళ్లీ కనబడితే ముసిలోడివని కూడా సూడను!”

కంబళి తీసి బురదలోకి విసిరేశాడు. ముసలాయన దాన్ని ఏరుకుని, మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

విల్సన్ మళ్లీ చిత్రిక ముట్టలేదు. వణుకు తిరిగొచ్చింది.

వాయిదా దగ్గర పడుతుండగా లాయరు కృష్ణమూర్తి కబురుపెట్టి పిలిపించాడు.

“నీ మీద కేసు నిలవదయ్యా! దుంగలు తెచ్చింది కామేషేనని మేజిస్ట్రేటు ముందు ఒకాయన సాక్ష్యం చెప్పాడు. నిన్ననే వాణ్ని పట్టుకెళ్లారు.”

“ఎవులండీ ఆ మారాజు?”

“సోంబరని, కొయ్యూరు వైపు మనిషి. దుంగలు బండికెత్తుతుంటే చూశాడట. నువ్వే ఒప్పుకోరా అని సంతలో కామేష్‌ని ఎంతో బతిమాలాడట, వాడు విన్లేదు.”

విల్సన్ గుమ్మం వైపు కదిలాడు. అయ్యో, ఎంత మాటన్నాను!

“ఎక్కడున్నాడండీ? నేనెల్లి కాళ్లు పట్టుకుని తెచ్చుకుంటాను.”

“ఎక్కడని వెతుకుతావు? ఇంట్లోవాళ్లు తరిమేశారు. ఎటు పోయాడో ఎవరికీ తెలీదు.”

“నిజం సెప్పినందుకా? ఇదెక్కడి అన్యాయమండీ!”

లాయరు ఫైలు మూశాడు.

“కన్నకొడుకుని జైలుకి పంపినవాణ్ని ఏ ఇంట్లో రానిస్తారయ్యా?”